అంగారకుడి మీదుగా వెస్టాకు అయాన్ ఇంజిన్ దారి: రెండో దశ కలవడం లేదు, సాయం చేయగలరా?

నమస్కారం. భూమి నుంచి బయలుదేరి, అంగారకుడి గురుత్వాకర్షణ సాయంతో వెస్టా అనే గ్రహశకలాన్ని అయాన్ ఇంజిన్‌తో (విద్యుత్తుతో అయాన్లను చిమ్మి మెల్లగా తోసే ఇంజిన్) చేరే దారిని తక్కువ ఇంధనంతో లెక్కగట్టాలని మూడు వారాలుగా కూర్చున్నాను. నాసా డాన్ నౌక 2009 ఫిబ్రవరిలో అంగారకుడి పక్కగా వెళ్లి 2011లో వెస్టా చేరింది కదా, దాదాపు అదే దారి.

నా నౌక బరువు 1,200 కిలోలు, థ్రస్ట్ (ఇంజిన్ తోసే బలం) 90 మిల్లీన్యూటన్లు. రోజంతా ఇంజిన్ నడిపినా వేగంలో మార్పు సెకనుకు 6.5 మీటర్లే! అందుకే సిమ్స్-ఫ్లానగన్ పద్ధతి పట్టుకున్నాను. ప్రతి దశనూ 20 ముక్కలు చేసి, ఒక్కో ముక్క మధ్యలో చిన్న తోపు ఇస్తూ, మొదటి నుంచి ముందుకూ చివరి నుంచి వెనక్కూ లెక్కించి మధ్యలో కలపాలి.

భూమి–అంగారకుడు దశ చక్కగా కలుస్తోంది. వెస్టా దశలో మాత్రం రెండు కొసల మధ్య లక్షల కిలోమీటర్ల తేడా దగ్గర సాల్వర్ (లెక్క తేల్చే ప్రోగ్రామ్) ఆగిపోతోంది. ఫ్లైబై (అంగారకుడి పక్కగా వెళ్లడం) షరతులు తీసేస్తే వెంటనే కలుస్తుంది. ఆ షరతులు రెండే: అంగారకుడితో పోల్చిన వేగం రాకలో, పోకలో సమానంగా ఉండాలి, ఎత్తు 300 కిలోమీటర్లకు తగ్గకూడదు. ఎత్తుకు హద్దు ఉంటే దారి వంగే కోణానికీ హద్దు పడుతుంది. చిక్కు అక్కడేనని నా అనుమానం.

మొదటి అంచనాగా లాంబర్ట్ పరిష్కారం, అంటే రెండు చోట్ల మధ్య ఇచ్చిన సమయంలో గురుత్వాకర్షణతోనే సాగే దారి, ఇస్తున్నాను. థ్రస్టే లేని ఆ దారి ఇక్కడ తప్పుదోవ పట్టిస్తోందా? సర్పిలాకారపు అంచనా నయమా? లేక ఫ్లైబై షరతులను మొదట వదులుగా పెట్టి మెల్లగా బిగించాలా? ఇంకొకటి, దూరాలన్నీ కిలోమీటర్లలోనే ఉంచాను, ఖగోళ ప్రమాణాల్లోకి (భూమి–సూర్యుడి సగటు దూరం ఒకటిగా) మార్చలేదు. ఇలాంటి లెక్క చేసినవాళ్లు ముందు ఏది సరిచూడమంటారో దయచేసి చెప్పండి.