పళ్ళ జబ్బులు తగ్గాలంటే పెద్దవాళ్ళకి చదువు చెప్పాలా, డెంటల్ క్యాంపు పెట్టాలా? చెన్నై తెలుగువాళ్ళు చెప్పండి

వ్యాసర్పాడి రాత్రిబడి:
మా కాలనీ తెలుగువాళ్ళం కాస్త డబ్బు పోగుచేశాం. సగం మంది పళ్ళ క్యాంపు పెడదామంటున్నారు, సగం మంది నేను రాత్రిపూట పెద్దవాళ్ళకి చెప్పే క్లాసుకి ఇద్దామంటున్నారు. నేను క్లాసు వైపే, ఎందుకో చెప్తా. మా క్లాసుకొచ్చే ఒకక్కకి దవడ పన్ను వాచిపోతే క్లినిక్‌లో యాంటీబయాటిక్ రాసిచ్చారు, చీటీలో 1-0-1 (అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి), పక్కన 5 రోజులు అని. అక్క దాన్ని నూట ఒకటి అని చదివి బిల్లు నంబరేమో అనుకుందంట. మెడికల్ షాపులో తమిళంలో గబగబా ఏదో చెప్పారు, ఈవిడ తలూపి వచ్చేసింది. రోజుకొకటి వేసుకుని మూడో రోజు నొప్పి తగ్గేసరికి ఆపేసి మిగతావి గూట్లో దాచింది, మళ్ళీ నొప్పొస్తే పనికొస్తాయని. పది రోజులకి వాపు మెడ దాకా దిగింది. రేపు క్యాంపు పెట్టినా చేతిలో పెట్టేది ఇలాంటి చీటీనే కదండీ?

పళ్ళడాక్టర్_అన్నానగర్:
బాధగా ఉందండీ చదువుతుంటే, కానీ మీరు తప్పు చోట వేలు పెట్టారు. చీము పట్టిన పంటికి రూట్ కెనాల్ చేయాలి లేదా పీకాలి, ఉత్త యాంటీబయాటిక్ ఇచ్చి పంపితే 5 రోజులూ గడియారం పెట్టుకుని వేసుకున్నా మళ్ళీ వచ్చేదే. అంటే ఆవిడకి కావాల్సింది కుర్చీలో కూర్చోబెట్టి పని చేసే డాక్టరు. ఫోర్ట్ స్టేషన్ దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ 1953 నుంచి ఉంది, అక్కడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే మనిషిని పెట్టండి చాలు. చదువుకుంటే పళ్ళు బాగుంటాయన్నది కూడా నేను నమ్మను, ఓఎంఆర్‌లో ఐటీ జాబులు చేసే తల్లిదండ్రులు మూడేళ్ళ పిల్లల్ని తీసుకొస్తారు, రాత్రంతా పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకోవడం వల్ల పై ముందుపళ్ళు నాలుగూ పుచ్చిపోయి ఉంటాయి.

సిక్కోలోడు:
నాకూ డాక్టరు గారి మాటే నచ్చింది కానీ కారణం వేరు. మాది శ్రీకాకుళం వైపు, నాన్న ఇక్కడ బిల్డింగ్ పనులకొచ్చి ఉండిపోయాడు. మా అమ్మ అడ్డపొగ తాగేది, తెలీని వాళ్ళకి చెప్తున్నా, చుట్ట కాలుతున్న కొస నోటి లోపల పెట్టుకుని తాగడం, మావైపు ఆడవాళ్ళకి పాత అలవాటు, గాలికి ఆరదని చెప్తారు. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో మా జిల్లా అక్షరాస్యత 62 శాతం దగ్గర, తమిళనాడు 80. అమ్మ ఆ చదువురాని వాళ్ళలోనే. మాన్పించింది అక్షరాలు కాదు. ఒక నర్సమ్మ నోరు తెరిపించి లోపల చిన్న అద్దం పెట్టి ఫోన్ లైటు వేసి, చేతికి ఇంకో అద్దం ఇచ్చి చూసుకోమంది. అంగిలంతా తెల్లగా మందంగా అయిపోయి మధ్య మధ్యలో ఎర్రటి చుక్కలు. అమ్మ చాలాసేపు అలా చూస్తూనే ఉండిపోయింది, ఆ సాయంత్రం చుట్టల కట్ట తీసుకెళ్ళి పక్కింటావిడకి ఇచ్చేసింది (ఇవ్వకుండా పారేయాల్సింది, అది వేరే గొడవ).

వ్యాసర్పాడి రాత్రిబడి:
సిక్కోలు తమ్ముడూ, మీ అమ్మగారికి దణ్ణం. కానీ ఆ పక్కింటావిడ సంగతే నా బెంగ, ఆవిడకి అద్దం ఎవరు చూపిస్తారు? క్లాసులో అయితే పది మంది ఒకేసారి కూర్చుంటారు, ఒకళ్ళ నోరు చూసి ఇంకొకళ్ళు మాట్లాడుకుంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా ఉద్యమం మొదలైంది అక్షరాస్యత క్లాసులకొచ్చిన ఆడవాళ్ళ నుంచే, మరుసటేడు ప్రభుత్వం సారా ఆపేసింది. వాళ్ళ పాఠాల్లో వాళ్ళ బతుకే ఉంది కాబట్టి అది జరిగింది. 2022లో కేంద్రం మొదలెట్టిన వయోజన విద్య పథకం ఉల్లాస్‌లో కూడా 15 దాటిన వాళ్ళకి చదవడం, లెక్కలతో పాటు ఆరోగ్యం సంగతులు చెప్పాలనే ఉంది. డాక్టర్ గారూ, మీ ఐటీ వాళ్ళ విషయం కూడా లెక్కే కదండీ, బిస్కెట్ ప్యాకెట్ మీద చక్కెర 100 గ్రాములకి ఇంత అని రాస్తారు, ప్యాకెట్ ఏమో 60 గ్రాములుంటుంది, ఎంతమంది గుణించి చూస్తారు?

మద్రాసు_తెలుగమ్మాయి:
క్లాసు ఏ భాషలో అక్కా? మా ఇంట్లో నాలుగు తరాలుగా తెలుగే మాట్లాడతాం, నేను చదివింది తమిళంలో, ఈ పోస్టు కూడా ఫోన్‌లో మైకు పెట్టి చెప్తే అదే రాస్తోంది. నాలాంటి వాళ్ళకి మీరు తెలుగు అక్షరాలు నేర్పితే చీటీ చదవడానికి ఏం ఉపయోగం?

పళ్ళడాక్టర్_అన్నానగర్:
అందుకే బొమ్మలు వేస్తే సరిపోతుందంటాను. ఉదయం సూర్యుడు, మధ్యాహ్నం అన్నం కంచం, రాత్రి చంద్రుడు, పక్కన మాత్రలు గీసెయ్యడమే. ఏ భాషైతేనేం.

వ్యాసర్పాడి రాత్రిబడి:
డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే నిన్న బోర్డు మీద గీశాను. సూర్యుడు పక్కన ఒక మాత్ర, చంద్రుడు పక్కన ఒక మాత్ర, అందరూ టక్కున చెప్పేశారు. మధ్యాహ్నం వద్దని చూపించడానికి కంచం గీసి అడ్డంగా కొట్టేశాను. వెనక కూర్చున్న పెద్దావిడ చాలాసేపు చూసి, "అంటే ఈ మందు వాడినన్నాళ్ళూ మధ్యాహ్నం అన్నం తినకూడదా అమ్మా" అని అడిగింది. ఆ సున్నాని ఎలా గీయాలో చెప్పండి, ఆదివారం క్లాసుకి మీరే రండి.