లిముజాన్ రాతి ఇల్లు: గోడలకు లోపలివైపు ఇన్సులేషన్ వేయించాలా, సున్నంతో వదిలేయాలా?

టులూజ్ గృహస్థు:
పదకొండేళ్లుగా ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో ఉంటున్న మేము పిల్లల సెలవులకూ, ఆ పైన మా విశ్రాంత జీవితానికీ పనికివస్తుందని లిముజాన్ ప్రాంతపు క్రెజ్ జిల్లాలో ఒక పాత రైతు ఇంటిని కొన్నాము. గోడలు 60 సెంటీమీటర్ల గ్రానైట్. ఇంటికి ఆనుకొని పశువుల కొట్టం ఉన్నది. ముందస్తు ఒప్పందంపై సంతకం చేశాక వెనక్కి తగ్గడానికి చట్టం ఇచ్చే 10 రోజుల్లో మా ఆవిడ రెండుసార్లు వద్దన్నది, నేను రెండుసార్లు ఒప్పించాను. కనుక ఇక జరిగే ప్రతి తప్పూ నా ఖాతాలోనే పడుతుంది. ఇంటి ఇంధన గ్రేడు ఎఫ్, అంటే ఏ నుంచి జీ వరకు ఉండే వరుసలో చివరి నుంచి రెండోది. అటువంటి ఇంటిని అమ్మేవారు 2023 ఏప్రిల్ నుంచి ఇంధన ఆడిట్ కూడా చేయించి ఇవ్వాలి గనుక ఆ నివేదిక మా చేతికి వచ్చింది. అది గోడలకు ఇన్సులేషన్, అంటే వేడిని బయటికి పోనివ్వని పొర, వేయమంటున్నది. రక్షిత కట్టడమైన చర్చికి మా ఇల్లు 500 మీటర్ల లోపే ఉండడం వల్ల, గోడలను వెలుపలివైపు ఇన్సులేషన్‌తో కప్పడానికి ప్రభుత్వ వారసత్వ వాస్తుశిల్పి ఒప్పుకొనే ఆశ లేదు. లోపలివైపు థర్మోకోల్ లాంటి పాలిస్టైరీన్ పలకలు, వాటిపై జిప్సం బోర్డు వేద్దామని ఒక మేస్త్రి అంటున్నారు. మరొకరు వెలుపలి సిమెంటు పూతను తీయించి, సున్నం వేయించి, ఒక ఏడాది ఊరుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి?

లియోన్ ఇంజనీరు:
ఇన్సులేషన్ వేయించండి. మందపు రాతి గోడ వెచ్చగా ఉంటుందన్నది వేసవిలో ఇల్లు చూసి కొన్నవారి భ్రమ. గ్రానైట్ వేడిని ఆలస్యంగా వదులుతుంది, కాని ఆపదు. జులైలో చల్లగా అనిపించిన ఆ గోడే జనవరిలో మీ ఒంటి వేడిని లాగేస్తుంది. ఇన్సులేషన్ లేని ఇంట్లో పైకప్పు గుండా 25 నుంచి 30 శాతం, గోడల గుండా 20 నుంచి 25 శాతం వేడి పోతుందని ఇక్కడి పర్యావరణ, ఇంధన సంస్థ అదెమ్ లెక్క. మీది చమురు బాయిలర్ అయితే అది పాడైన రోజున దాని స్థానంలో మరొక చమురు బాయిలర్ పెట్టించుకోలేరు, 2022 జులై నుంచి అది నిషిద్ధం. వెలుపలి వేడిని కరెంటుతో లోపలికి తెచ్చే హీట్ పంపు పెట్టిస్తే, వేడి నిలవని ఇంట్లో అది కరెంటు తాగుతూనే ఉంటుంది. ఎప్పుడైనా ఏడాది పొడవునా అద్దెకు ఇవ్వాలనుకున్నా, జీ గ్రేడు ఇళ్లకు 2025లో మూసుకున్న అద్దె తలుపు ఎఫ్‌కు 2028లో మూసుకుంటుంది.

కొరేజ్ సున్నపు పక్షం:
ఇంజనీరు గారి లెక్కలో నీటి ఊసే లేదు. ఈ ఇళ్ల గోడల కింద నేలచెమ్మను ఆపే పొర ఏదీ ఉండదు. చెమ్మ పైకి పాకుతుంది, రాళ్ల మధ్య సందుల గుండా గాలికి ఆరుతుంది. ఇన్నేళ్లూ గోడ నిలిచింది అందువల్లనే. పైగా లిముజాన్‌లో చాలా గోడల్లో రాళ్ల మధ్యనున్నది సున్నం కూడా కాదు, మట్టి. (క్రెజ్ తాపీ మేస్త్రీలు ఏటా వలస వెళ్లి పారిస్‌ను కట్టారు, ఊళ్లోని సొంత ఇంటికి మాత్రం చేతికందిన మట్టినే వాడారు.) వెలుపల సిమెంటు, లోపల పాలిస్టైరీన్ వేస్తే నీటికి రెండు దారులూ మూసుకుపోతాయి, అది గోడలోనే నిలిచి ఓక్ దూలాల కొనలను చేరుతుంది. పక్క జిల్లా కొరేజ్‌లోని మా ఇంట్లో పాత యజమాని సరిగ్గా ఆ పనే చేయించి ఉన్నాడు. బోర్డు విప్పేసరికి రెండు దూలాల కొనలు వేలితో గుచ్చితే పొడిగా రాలాయి.

మన మండువా ఇళ్లకు గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి వాడిన మేస్త్రీలకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఇక్కడ తడిలోనూ గట్టిపడే మృదువైన హైడ్రాలిక్ సున్నం బస్తాల్లో దొరుకుతుంది. వెచ్చదనం కావాలంటే ఆ సున్నంలోనే హెంప్ కాండపు తునకలు కలిపి లోపలివైపు మందంగా పూయించండి. (అది గంజాయి జాతి మొక్కే, కాని దమ్ము కొట్టడానికి పనికిరాదు.)

లియోన్ ఇంజనీరు:
పాలిస్టైరీన్ తప్పేనని ఒప్పుకుంటున్నాను; సిమెంటు పూత తీయాలన్న మాటతోనూ నాకు పేచీ లేదు. ఏడాది ఊరుకోమనడమే నాకు మింగుడుపడడం లేదు. హెంప్ పూత ఆరడానికి నెలలు పడుతుంది, పది సెంటీమీటర్లు వేసినా కొత్త ఇంటి గోడకు సాటిరాదు. ఆవిరిని పోనిచ్చే ఉడ్ ఫైబర్ (చెక్క పీచు) పలకలను, గోడకు వాటికీ మధ్య ఖాళీ లేకుండా, సున్నపు పూతపై అతికించవచ్చు. అటకపై ఇన్సులేషన్ మాత్రం ఈ శీతాకాలానికి ముందే వేయించండి. దానికి ఏ గోడా ఆరనక్కరలేదు. ఏ మేస్త్రి అయినా పనిలో లోపాలకు పదేళ్ల బీమా పత్రం చూపించాకే అడ్వాన్సు ఇవ్వండి.

కొరేజ్ సున్నపు పక్షం:
అటక విషయంలో మీరన్నదే సరి. ఉడ్ ఫైబర్ కూడా చెమ్మ ఆరిన గోడకే వేయాలి. సిమెంటు తీసిన గోడ ఎంత ఆరిందో నాలుగు రుతువులూ చూడకుండా ఎలా తెలుస్తుంది?

టులూజ్ గృహిణి:
మొదటి ప్రశ్న అడిగినవారి భార్యను. నేను వద్దన్నది మూడుసార్లు. గోడల సంగతి ఇంత వివరంగా రాసిన మా వారు సెప్టిక్ ట్యాంకు సంగతి రాయలేదు. అది నిబంధనలకు తగినట్టు లేదని తనిఖీ పత్రంలో ఉన్నది, కొన్నవారు ఏడాదిలోగా దాన్ని సరిచేయించాలి. ఈ ఏటి డబ్బులో పెద్ద భాగం పెరట్లో గొయ్యికే పోతుంది కాబట్టి గోడలు ఎటూ ఆగవలసిందే. ఇంజనీరు గారు చెప్పిన అటక పని అక్టోబరులోగా చేయిస్తాము. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా గొట్టాలు మార్పిస్తాము. సిమెంటు తీసి సున్నం వేయడానికి కూడా పురపాలక కార్యాలయంలో ముందస్తు ప్రకటన దాఖలు చేయాలట, ఆ కాగితం మా వారు రాస్తారు. మంచు పడే రోజుల్లో సున్నం పట్టదు కనుక ఆ పని ఏప్రిల్ తరువాతే, అదీ మొదట చెమ్మ ఎక్కువగా ఉన్న ఉత్తరపు గోడ ఒక్కదానికే. కొరేజ్ వారూ, మీ దూలాల కొనలను మార్పించారా, లేక కోసి కొత్త ముక్క అతికించారా? మా వంటగదిలో ఒకదాన్ని నేను నిన్న వేలితో గుచ్చి చూశాను.