ముఖచిత్రం కోసం ఫొటోను మార్చడం తప్పా, కాదా?

అయ్యోరు_తిరుపతి | శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర పసుపు అంచు నేషనల్ జియోగ్రాఫిక్ సంచికలు రెండొందల దాకా ఉన్నాయి. చాలావరకు గాంధీ రోడ్డులో పాత పుస్తకాల వాళ్ళ దగ్గర ఒక్కొక్కటే ఏరుకున్నవి. ఎడారి అంటే ఇదిరా, మంచునది అంటే ఇదిరా అని పిల్లలకు చూపించింది వాటితోనే.

వాటిలో 1982 ఫిబ్రవరి సంచిక ఒకటుంది. ముఖచిత్రం మీద గిజా పిరమిడ్లు, ముందు ఒంటెలు. గోర్డన్ గాహన్ తీసిన ఆ ఫొటో అడ్డంగా ఉంది, అట్ట నిలువుగా ఉంటుంది. అందుకని కంప్యూటర్‌లో ఒక పిరమిడ్‌ను రెండోదాని వైపు జరిపారు. ఫొటోగ్రాఫర్ కాస్త పక్కన నిలబడి తీసుంటే ఇలాగే వచ్చేది కదా అని అప్పుడు పత్రిక సమర్థించుకుంది. 2016లో ఎడిటర్ సూసన్ గోల్డ్‌బర్గ్ మాత్రం ఆనాటి విమర్శలు న్యాయమైనవేనని రాశారు.

పోయిన ఆదివారం మా కాలనీ పిల్లలకు ఈ సంగతి చెప్పి, ఇది మోసం అన్నాను. అక్కడే ఉన్న ఒక ఫొటోగ్రాఫర్ అమ్మాయి ఒప్పుకోలేదు. ఆమె కూడా ఈ వేదికలో ఉందట. మీరంతా ఏమంటారో చెప్పండి. నా మాట మాత్రం ఒకటే. నాలుగున్నర వేల ఏళ్ళుగా ఉన్న చోటే ఉన్నదాన్ని జరిపే హక్కు ఎవరికీ లేదు.

పలమనేరు_కెమెరా | శనివారం రాత్రి 9:25

ఆ అమ్మాయిని నేనే సార్. నమస్తే.

పన్నెండేళ్ళుగా అడవుల్లో ఫొటోలు తీస్తున్నాను. ముఖచిత్రం ఎలా తయారవుతుందో ముందు చెప్తాను. పైన పత్రిక పేరుకు చోటు వదలాలి, పక్కన శీర్షికలకు ఖాళీ ఉండాలి, మధ్యలో కన్ను నిలిచే వస్తువు ఒక్కటే ఉండాలి. అడ్డంగా తీసిన ఏ ఫొటో అయినా అట్ట మీదకు వెళ్ళాలంటే రెండు పక్కలా కోయాల్సిందే. కోయడం తప్పు కాదు, అది రోజూ జరిగే పని. అంతెందుకు, చాలా దూరం పోయి పెద్ద లెన్సుతో తీస్తే పిరమిడ్లు రెండూ ఒకదాని పక్కన ఒకటి అతుక్కున్నట్టు వస్తాయి. అప్పుడు ఎవరూ మోసం అనరు. పిరమిడ్‌కు నొప్పి లేదు, చూసినవాళ్ళకు నష్టం లేదు.

నష్టం ఎక్కడుంటుందో నేను కళ్ళారా చూశాను. తలకోన వైపు ఒకసారి బంగారు బల్లి కోసం వెళ్ళాం. నీళ్ళు కారే బండ సందులో ఉంటుంది అది. మాతో వచ్చిన ఒకాయనకు సందులో వెలుతురు చాలలేదు. పుల్ల పెట్టి దాన్ని బయటికి లాగి, పొడిబండ మీద పెట్టాడు. లాగేటప్పుడు తోక తెగింది. ఇటు బల్లి బిగుసుకుపోయి ఉంది, అటు జానెడు దూరంలో తోక ఎగిరెగిరి పడుతోంది. ఆయన తోక కనిపించకుండా వంగి ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటోకు తర్వాత బహుమతి కూడా వచ్చింది. అందులో ఒక్క చుక్క కూడా కంప్యూటర్‌లో మార్చలేదు సార్. మీ లెక్కలో అది నిజమైన ఫొటో.

చంద్రగిరి_వాసు | శనివారం రాత్రి 9:31

బల్లి సంగతి చదివి కడుపు తరుక్కుపోయింది.

నేలపట్టు_పక్షి | శనివారం రాత్రి 9:50

మా దగ్గర కూడా ఇదే బాధ. ఫ్లెమింగోలు ఒక్కసారి ఎగిరితే ఫొటో బాగుంటుందని పులికాట్‌లో రాళ్ళేసి లేపుతారు. ఎంతో దూరం ఎగిరొచ్చిన పక్షి తిండి మానేసి లేవాలి.

అయ్యోరు_తిరుపతి | శనివారం రాత్రి 10:15

అమ్మా, బల్లిని లాగడం పాపమే. కానీ అది వేరే విషయం. నేనడిగింది పిరమిడ్ గురించి.

పెద్ద లెన్సుతో దగ్గరగా కనిపించడం వేరు, జరపడం వేరు. లెన్సులోకి వచ్చింది ఆ చోటి వెలుగే. అక్కడ నిలబడి చూసిన ఎవరికైనా అలాగే కనిపిస్తుంది. కంప్యూటర్‌లో జరిపిన చోటు ఈ భూమ్మీద లేదు. ఎవరూ ఎప్పుడూ నిలబడని చోటు నుంచి తీసిన ఫొటో అది. జాగ్రఫీ చెప్పేవాడికి ఇంతకంటే పెద్ద తప్పు ఏముంటుంది? దూరం అంటేనే కదా మా సబ్జెక్టు!

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, 90లలో ఒక పిల్లవాడు ఎక్కడో ఈ సంగతి చదివి క్లాసులో లేచి అడిగాడు. "సార్, ఇదే అబద్ధమైతే మీరు చూపించిన మిగతా బొమ్మలు నిజమని ఎట్ల నమ్మేది?" నలభై మంది నా ముఖం చూస్తున్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ పీరియడంతా బోర్డు మీద రాస్తూ నిలబడ్డాను. 1906లో జార్జ్ షిరాస్ రాత్రిపూట జింకలను ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలను ఆ పత్రిక వేస్తే, బొమ్మల పుస్తకంగా మారుస్తున్నారని, దాన్ని నడిపే సంస్థ బోర్డు సభ్యులిద్దరు రాజీనామా చేశారు. అంత గొడవపడి ఫొటోను నమ్మిన పత్రిక అది. ఇప్పుడు ఫొటోగ్రాఫర్ల దగ్గర కెమెరాలో పడిన అసలు ఫైలే అడుగుతున్నారంటే 1982 తప్పును గుర్తుపెట్టుకున్నట్టేగా.

రేణిగుంట_రవి | శనివారం రాత్రి 10:22

అయ్యోరు చెప్పిందే కరెక్ట్. ఒకసారి నమ్మకం పోతే మళ్ళీ రాదు.

పలమనేరు_కెమెరా | శనివారం రాత్రి 11:05

అసలు ఫైలు అడిగితే నిజం దొరికిపోతుందా సార్? 2009లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ బహుమతి ఒక తోడేలు ఫొటోకు ఇచ్చారు. రాత్రి కంచె గేటు మీద నుంచి దూకుతున్న తోడేలు. ఫైలులో ఏ లోపమూ లేదు. తీరా చూస్తే అది మచ్చికైన తోడేలే అయ్యుండాలని జడ్జీలు తేల్చి, 2010లో బహుమతి వెనక్కి తీసుకున్నారు.

ఇంకొకటి. 2017లో బక్కచిక్కి కాళ్ళీడుస్తున్న ధ్రువపు ఎలుగుబంటి వీడియో ప్రపంచమంతా చూసింది. వాతావరణ మార్పు అంటే ఇదే అని నేషనల్ జియోగ్రాఫిక్ దాని మీద రాసింది. ఆ ఎలుగుబంటి ఏ కారణంతో అలా అయిందో తీసినవాళ్ళకే తెలియదు. జబ్బో, ముసలితనమో, దెబ్బో కావచ్చు. మరుసటి ఏడు ఆ మాట రాయడం అతి అయిందని పత్రికే ఒప్పుకుంది. బొమ్మ నిజం, కింద రాసిన మాట తేడా. మీరు పిరమిడ్ పట్టుకుని కూర్చున్నారు.

తిరుచానూరు_లత | ఆదివారం ఉదయం 6:40

2018 ఏప్రిల్ సంచికలో ఆ పత్రికే ఒప్పుకుంది, దశాబ్దాల పాటు తమ కథనాల్లో జాత్యహంకారం ఉండేదని. తెల్లవాళ్ళు కానివాళ్ళను వింత మనుషుల్లాగా చూపించామని చెప్పుకుంది. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

అయ్యోరు_తిరుపతి | ఆదివారం ఉదయం 7:10

లతమ్మా, అది కథనాల సంగతి. ఇక్కడ ఫొటోను మార్చడం గురించే మాట్లాడదాం. దారి తప్పితే చర్చ తేలదు.

కుప్పం_రైతుబిడ్డ | ఆదివారం ఉదయం 9:20

నిన్నటి నుంచి చదువుతున్నా. నాదొక మాట.

మా ఊరు కుప్పం పక్క పల్లె. కౌండిన్య అడవి అంచు. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు వచ్చి ఈ అడవిలో నిలిచిపోయినాయి. 1990లో అభయారణ్యం అన్నారు. మా తాత చేసిన కయ్యలు అంతకు ముందు నుంచీ మావి. పట్టా ఉంది.

ఐదేళ్ళ కిందట ఒక రాత్రి ఏనుగులు మా టమోటా తోటలో పడినాయి. తెల్లారి చూస్తే కట్టెలన్నీ విరిగి, డ్రిప్ పైపులు పేగుల మాదిరి బయటపడి, కాయలు బురదలో కలిసిపోయి ఉన్నాయి. రెండు రోజుల్లో కోత. మా అమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆ పొద్దు అటవీశాఖ వాళ్ళ వెనకాలే ఎవరో ఒకాయన కెమెరాతో వచ్చి ఫొటో తీసుకుని పోయినాడు. పేరు అడగలేదు.

ఆరు నెలల తర్వాత మదనపల్లెలో ఒకరి ఆఫీసులో బల్ల మీద ఒక ప్రకృతి పత్రిక కనపడింది. అట్ట మీద మా అమ్మ. ఫొటోలో ఎడమ పక్క అమ్మ, కుడి పక్క మా తోట ఉండాలి. ఆయన తీసేటప్పుడు నేను ఆయన వెనకే నిలబడి ఉన్నా, కెమెరా తెర మీద చూసినా. అట్ట నిలువు కాబట్టి తోటను కోసేసి ముఖం ఒక్కటే పెట్టినారు. కింద శీర్షిక, ఏనుగుల దారులను మనుషులు ఆక్రమిస్తున్నారని. చూసిన వాళ్ళకు మా అమ్మ ఎవరు? అడవిని కాజేసి, ఇప్పుడు ఏడుస్తున్న మనిషి.

కోయడం తప్పు కాదు, రోజూ జరిగేదే అన్నావు కదక్కా. మా పొలం పోయింది ఆ కోతలోనే.

చంద్రగిరి_వాసు | ఆదివారం ఉదయం 9:28

అన్నా, పత్రిక వాళ్ళకు ఫోన్ చేసినావా?

కుప్పం_రైతుబిడ్డ | ఆదివారం ఉదయం 9:41

చేసినా. తర్వాతి సంచికలో చూస్తామన్నారు. అంతే.

అయ్యోరు_తిరుపతి | ఆదివారం ఉదయం 10:30

బాబూ, మీ అమ్మగారి కష్టం చదివితే బాధేసింది. కానీ జాగ్రత్తగా చూస్తే అక్కడ ఫొటోను మార్చలేదు, శీర్షిక తప్పు రాశారు. రెండూ వేరు వేరు. పిరమిడ్ విషయంలో

కుప్పం_రైతుబిడ్డ | ఆదివారం ఉదయం 10:36

మీ మెసేజ్ సగంలోనే పడింది సార్. పడినంత వరకూ చాలు.

ఈజిప్టులో రాయిని జరిపితే మీకు రాత్రి నిద్ర పట్టదు. మా అమ్మను ఉన్న చోటు నుంచి ఎత్తి ఇంకో చోట పెడితే అది వేరే విషయం. రాయికి ఇచ్చిన విలువ కూడా మనిషికి ఇయ్యరా?

ఆకుపచ్చ కళ్ళ అఫ్ఘన్ పిల్ల ఫొటో మీ దగ్గర ఉండే ఉంటుంది. 1985 జూన్ సంచిక. పాకిస్తాన్‌లో శరణార్థుల క్యాంపు బడిలో స్టీవ్ మెక్‌కరీ తీసినాడు. పేరు రాసుకోలేదు. 2002లో వెతికి పట్టుకున్న దాకా షర్బత్ గులా అనే పేరు లోకానికి తెలీదు. అన్నేళ్ళూ ఆమె ఆ బొమ్మ చూడనే లేదు. మీరు దాన్ని ఎన్నిసార్లు పిల్లలకు చూపించినారు? ఒక్క చుక్క మార్చలేదు, కాబట్టి మీకు అది మంచి ఫొటో.

పలమనేరు_కెమెరా | ఆదివారం ఉదయం 11:15

తమ్ముడూ, కోపం అర్థమవుతోంది. కానీ ఒకటి ఆలోచించు. ప్రతి ఫొటోకూ ముందు అనుమతి అడిగితే ఆ క్షణం ఉండదు. ఏడుస్తున్న మనిషి దగ్గరికి పోయి సంతకం పెట్టమనాలా? షర్బత్ గులా ముఖం చూసే ఎంతోమంది శరణార్థుల గురించి ఆలోచించారు. ఏనుగుల ఫొటోలు లేకపోతే కౌండిన్య పేరు బయట ఎవరికీ తెలియదు. తీసినవాడి కష్టం కూడా ఉంది. నేను పదకొండు రాత్రులు మంచె మీద కూర్చుంటే ఒక్క ఫొటో వచ్చింది. అది నాది కాదంటే ఎట్లా?

కుప్పం_రైతుబిడ్డ | ఆదివారం ఉదయం 11:22

ఏనుగు ఫొటో నీదే అక్కా. మా అమ్మ ముఖం ఎవరిది?

పలమనేరు_కెమెరా | ఆదివారం ఉదయం 11:40

ఆ ముఖం ఉన్న ఫొటో తీసినవాళ్ళదే. చట్టం లెక్క ప్రకారమూ అంతే. నేను అబద్ధం చెప్పను.

తిరుచానూరు_లత | ఆదివారం ఉదయం 11:44

పొద్దున నేనడిగింది ఇదే. అయ్యోరు పక్కన పెట్టేశారు.

కుప్పం_రైతుబిడ్డ | ఆదివారం ఉదయం 11:58

చట్టం మాట పక్కన పెట్టు. సంతకం అడగొద్దు, ఏడుపు ఆపమనొద్దు. తీసుకున్న తర్వాత గట్టు మీద పది నిమిషాలు కూర్చుని, అమ్మా నీ పేరేంది, ఏం పోయింది అని అడిగుంటే ఆ శీర్షిక రాసేవాళ్ళా? నీ బల్లి కథలో పుల్ల పట్టుకున్న ఆయన మీద నీకు ఎంత కోపం వచ్చింది. బల్లి నోరు లేనిది, మా అమ్మకు నోరుంది. అడిగితే చెప్పేది.

పలమనేరు_కెమెరా | ఆదివారం మధ్యాహ్నం 12:50

నేను కూడా ఇట్లాంటి ఫొటోలు తీశాను. రామకుప్పం దగ్గర ఒక పెద్దాయన, పడిపోయిన కంచె పక్కన. పేరు నా నోట్‌బుక్‌లో లేదు, ఇప్పుడే వెతికాను. ఫొటో నాదే అన్న మాట మీద ఉన్నాను. పేరు రాసుకోకపోవడం మాత్రం తప్పు.

రేణిగుంట_రవి | ఆదివారం మధ్యాహ్నం 1:05

ఇంతకీ పిరమిడ్ జరపడం తప్పా కాదా?

అయ్యోరు_తిరుపతి | ఆదివారం సాయంత్రం 5:30

తప్పే రవీ. ఆ మాట నేను మార్చుకోను.

కానీ ఇందాక ఆ 1985 సంచిక తీసి ముందు పెట్టుకున్నాను. క్లాసులో అది చూపించి వెలుగు గురించి, ఆ పిల్ల తలగుడ్డ రంగు గురించి, అఫ్ఘనిస్తాన్ కొండల గురించి ఎన్నోసార్లు చెప్పాను. 2002లో పేరు తెలిసిన తర్వాత కూడా నేను ఇంకా కొన్నేళ్ళు బళ్ళోనే ఉన్నాను. ఆ పేరు పిల్లలకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే అంతుబట్టడం లేదు.

బాబూ, మీ అమ్మగారి ఫొటో ఉన్న ఆ పత్రిక నాకు కావాలి. పాత పుస్తకాల వాళ్ళు నాకు తెలుసు, నెల తెలిస్తే వెతుకుతాను. వచ్చే ఆదివారం పిల్లలకు చూపించి, కోసేసిన సగంలో ఏముందో నువ్వు చెప్పినట్టే చెప్తాను. మీ అమ్మగారు ఒప్పుకుంటేనే. ఆమెను అడిగి చెప్పు.

కుప్పం_రైతుబిడ్డ | ఆదివారం రాత్రి 8:15

అడిగినా సార్. ఆ పత్రిక సంగతి అమ్మకు ఇన్నేళ్ళూ చెప్పలేదు, బాధపడుతుందని. ఈ పొద్దు అంతా చెప్పినా. చాలాసేపు పలకలేదు. తర్వాత, పిల్లలకు చూపించే ముందు నాకు చూపియ్యమను, నేను దాన్ని చూడనే లేదు కదా అనింది.

నెల డిసెంబరు సార్. దొరికితే రెండు తెండి.