వెల్లుల్లిన్... మెసవితిన్: మధ్యలో ఏముంది?

అరికాలు
పెద్దలకు నమస్కారం. నవంబరులో ఆఫీసు పని మీద జ్యూరిక్ వెళ్ళాను. పని శుక్రవారంతో అయిపోయింది. ఇంకో మూడు రోజులు సెలవు పెట్టుకుని జ్యూరిక్, లూసర్న్, బెర్న్ చూసొచ్చాను. చూడటం తక్కువ, తినడం ఎక్కువ. ఆ మూడు రోజులూ, కన్నడ రాజ్యంలో తిండికీ బట్టకీ వాపోతూ శ్రీనాథుడు చెప్పిన చాటువొకటి వెంటపడింది. చలికి ఉన్నిటోపీ చెవుల కిందికి లాక్కుంటే ‘కుల్లాయుంచితి’. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న కోటు మోకాళ్ళ దాకా వేలాడుతుంటే ‘మహాకూర్పాసముం దొడ్గితిన్’. ఇక్కడి దాకా బాగానే నడిచింది.

మొదటి రాత్రి ఫాండ్యూ తినడానికి కూచున్నాం, కుండలో కరిగించిన చీజ్‌లో రొట్టెముక్కలు ముంచుకు తినేది. చీజ్ పోయకముందే కుండ లోపలంతా వెల్లుల్లి రెబ్బతో రుద్దుతారని వడ్డించే పెద్దావిడ చెప్పింది. వెంటనే ‘వెల్లుల్లిన్’ అని నోటికొచ్చి ఆగిపోయింది. పాదం మధ్యలో ‘మెసవితిన్’, అంటే తిన్నాను, ఉందని తెలుసు. రెంటికీ నడుమ అయిదక్షరాలు మాయం. మర్నాడు లూసర్న్‌లో కప్పు వేసిన చెక్కవంతెన మీద నడిచాను. 14వ శతాబ్దపు వంతెన. దాని దూలాల మధ్య త్రికోణాకారపు బొమ్మలుండేవి. 1993లో అంటుకున్నప్పుడు చాలా మటుకు కాలిపోయాయి. తలెత్తి చూస్తే ఒక బొమ్మ, తర్వాత ఖాళీ, మళ్ళీ ఒక బొమ్మ. నా పద్యం అచ్చం అలాగే ఉంది. ఆ ఖాళీ ఎవరైనా పూరిస్తే పుణ్యముంటుంది.

గురులఘువు
తిలపిష్టమున్.

కుల్లాయుంచితి గోకసుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్
వెల్లుల్లిం దిలపిష్టమున్ మెసవితిన్ విశ్వస్త వడ్డింపగా
జల్లా యంబలి ద్రావితిన్ రుచులు దోసంబంచు బోనాడితిన్
తల్లీ! కన్నడరాజ్యలక్ష్మి! దయలేదా? నేను శ్రీనాథుడన్

శార్దూలం. ‘వెల్లుల్లిం’ మగణం అయ్యాక సగణం రావాలి, ‘దిలపి’ సరిపోయింది. ఖాళీ నిండింది. సెలవు.

బచ్చలి పాదు
తిలపిష్టం అంటే మా గోదావరి వైపు తెలగపిండే కదండీ? గానుగలో నూనె తీసేశాక మిగిలే చెక్క. మునగాకు వేసి కూర చేస్తారు. పైన వెల్లుల్లి పోపు తప్పనిసరి. దాన్ని తిని ఏడ్చాడంటే కవిసార్వభౌముడి నాలుక మీద నాకు అనుమానమే.

రిటైర్డు మాస్టారు
పిష్టం అంటే పిండి. నువ్వుల పిండి అనుకుంటే చాలు, చెక్క దాకా పోనక్కర్లేదు. అసలు చిక్కు అక్కడ లేదు, మూడో పాదం మొదట్లో ఉంది. గురులఘువు గారు ‘జల్లా యంబలి’ అని టైపు కొట్టి సెలవు పుచ్చుకున్నారు. ‘చల్లా’లో ఆ దీర్ఘం ఎక్కడి నుంచి వచ్చింది? మాట చల్ల, అంటే మజ్జిగ. చల్ల, అంబలి కలిస్తే చల్లంబలి కావాలి.

గురులఘువు
వెళ్ళనిచ్చేలా లేరు. చల్లంబలి అంటే గురువు, గురువు, లఘువు. మగణం చెడింది. అందుకే దీర్ఘం.

రిటైర్డు మాస్టారు
గణం కోసం అచ్చు సాగదీసే అవసరం శ్రీనాథుడికా! గౌడడిండిమభట్టును వాదంలో ఓడించి అతని కంచుఢక్క పగలగొట్టించినవాడికి ఒక గురువు దొరకలేదంటారా?

పాత అట్ట
నా చిన్న ఊహ. అది ‘చల్లా’ కాదు. చల్ల + ఆ + అంబలి. ‘చల్ల, ఆ అంబలి తాగాను’ అని ముక్కు విరవడం. చల్ల మీది అత్వానికి సంధి జరిగి చల్లా, తర్వాత యడాగమం, ఆ యంబలి. దీర్ఘం సాగదీత కాదు, ఈసడింపు. ‘ఆ సంబడానికి’ అంటాం చూడండి, ఆ ‘ఆ’.

గురులఘువు
బాగుంది. బాగున్నంత మాత్రాన నిజమైపోదు. పైన కుల్లాయి, కోక, కూర్పాసం, వెల్లుల్లి, వీటిలో దేనికీ ‘ఆ’ లేదు. అంబలికి ఒక్కదానికే ఎందుకు?

పాత అట్ట
అంబలి దగ్గర ఓపిక అయిపోయింది గనక.

మంజీర ఒడ్డు
మా దిక్కు సల్ల అనే అంటం. మజ్జిగ అని టీవీలనే ఇన్న. జొన్న గట్కల సల్ల పోసుకొని తాగి పొలం పోయేటోళ్ళు మా తాత. గది కష్టం అనుకుంట పద్యం రాసిండంటే నవ్వొస్తది. అరికాలు అన్నా, నువ్వు ఆడ ఏం దిన్నవో అది జెప్పు ముందు.

అరికాలు
అడిగారు కాబట్టి చెబుతున్నా. అక్కడ నా వాదం కూడా ఒకటి ఉంది. హోటల్లో పొద్దున్నే గాజు గిన్నెలో బిర్షర్ మ్యూస్లీ పెట్టారు. 1900 ప్రాంతాల్లో బిర్షర్ బెన్నర్ అనే డాక్టరు జ్యూరిక్‌లో రోగుల కోసం మొదలుపెట్టాడట. ఓట్స్ రాత్రే నానేసి, ఆపిల్ తొక్కతో సహా తురిమి, నిమ్మరసం, గింజలు కలిపేవాడు. మామూలు పాలకు బదులు డబ్బాలో వచ్చే చిక్కటి తీపి పాలు. ఇప్పుడైతే పెరుగు కలుపుతున్నారు. పొయ్యి ఎక్కదు. చల్లగా, జారుగా ఉంటుంది. ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే నాకు తట్టింది: చల్లా యంబలి అంటే చల్లని అంబలి! చల్ల అంటే మజ్జిగ కాదు, చల్లదనం.

రిటైర్డు మాస్టారు
బాబూ, చల్లన వేరు, చల్ల వేరు. చెంచాతో వ్యుత్పత్తి తీయకూడదు.

జ్యూరిక్ కోడలు
పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. అరికాలు గారి చెంచా వ్యుత్పత్తికి పోటీగా ఇంకోటి. ఇక్కడ రివెల్లా అని సీసాల్లో కూల్ డ్రింకు దొరుకుతుంది. 1952 నుంచీ ఉంది. చీజ్ చేయగా మిగిలిన పాలతేటతో చేస్తారు. అసలు చల్ల అంటే అది! మా అత్తగారు వచ్చినప్పుడు ఒక గుక్క తాగి “మజ్జిగ మీద తేటలో సోడా కలిపారేంటే” అన్నారు. ఇంతకన్నా మంచి నిర్వచనం నేను వినలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. అరికాలు గారు శాకాహారులైతే బాధపడొద్దు. ఫాండ్యూలో వేసే గ్రుయేర్ అనే చీజ్‌కు పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఇది తెలిశాక మా ఆయన ఫాండ్యూ మానేశారు. ‘రుచులు దోసంబంచు బోనాడితిన్’ అంటే మా ఇంట్లో ఆయనే. ఆయన్ని హిల్ట్‌ల్‌కు తీసుకెళ్తాను. 1898 నుంచి నడుస్తున్న శాకాహార భోజనశాల. ఆ ఇంటావిడ 1951లో శాకాహారుల సభకని మన దేశం వెళ్ళొచ్చి, ఇక్కడ కూరలూ మసాలాలూ మొదలుపెట్టారు. పళ్ళెం తూచి డబ్బులు తీసుకుంటారు కాబట్టి పప్పుచారు లాంటి బరువైనవి తగ్గించి వడ్డించుకోవాలి, అది అనుభవం.

అరికాలు
తిన్నాక చెప్పారు.

బచ్చలి పాదు
అయ్యో. దూడ సంగతి పక్కన పెట్టండి, నాలుక ఏమైంది? పొంగుతున్న చీజ్‌లో రొట్టెముక్క ముంచి నోట్లో పెట్టుకుంటే నాకు ఇంకో చాటువు గుర్తొస్తుంది. దవాగ్ని మింగానని నిక్కే కృష్ణుడితో శ్రీనాథుడు ‘నుడుకు బచ్చలిశాకము జొన్నకూటితో మెల్లన నొక్క ముద్ద దిగమ్రింగుము’ అంటాడే, అది. చింతచిగురు వేసిన బచ్చలికూర. నా పేరు అక్కడిదే.

గురులఘువు
‘దిగమ్రింగుము’ కాదు, ‘దిగమింగుము’ అని మా పాఠం. మ్రిం ముందున్న ‘గ’ గురువైతే నగణం పోతుంది.

రిటైర్డు మాస్టారు
పోదు. ఆ రేఫ తేలిక. రెండో పాదంలో ‘దవాగ్ని మ్రింగితి’ అన్నచోట ‘గ్ని’ లఘువుగానే నిలిచింది కదా. అక్కడ ఒప్పుకుని ఇక్కడ అడ్డుపడితే ఎలా?

మంజీర ఒడ్డు
ఉడుకు అంటే ఏడిదే కదా. మేం ఉడుకునీళ్ళు అంటం. సర్కారు జిల్లాలోళ్ళు ఉడికినది అనుకుంటరు. ఉడికి సల్లారిన బచ్చలి దిగమింగుడుకు కృష్ణుడెందుకు, నేను సాలు.

పాత అట్ట
మంజీర ఒడ్డు గారి మాటే సరైనదని నా ఓటు. అయితే మనం మజ్జిగ దగ్గర ఉన్నాం, దారి తప్పకండి. అంతకన్నా ముఖ్యమైన మాటను అందరూ దాటేశారు. విశ్వస్త.

జ్యూరిక్ కోడలు
నమ్మకమైన మనిషి అని కాదా?

రిటైర్డు మాస్టారు
కాదమ్మా. ‘విశ్వస్తావిధవే సమే’ అని అమరకోశం. విశ్వస్త అంటే విధవ. సంస్కృతంలో ఆకారాంతం, తెలుగులో హ్రస్వమై నిలిచింది. పద్యం నడక చూడండి. తలకు టోపీ, ఒంటికి పరాయి బట్ట, తినకూడని వెల్లుల్లి, ఆపై విధవ చేతి వడ్డన, అంబలి. ఆచారం ఒక్కో మెట్టూ దిగుతోంది. ‘నమ్మకమైన మనిషి వడ్డించింది’ అంటే అందులో ఏడుపెక్కడుంది?

జ్యూరిక్ కోడలు
అర్థం మీరన్నదే కావచ్చు, మాస్టారూ. కానీ ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టిన ఆవిడను ఫిర్యాదుల జాబితాలో వేశాడంటే శ్రీనాథుడి మీద ఇవాళ నాకు కోపం వస్తోంది.

పాత అట్ట
కోపం వద్దు, ఆవిడ పూటకూళ్ళమ్మ. పరాయి ఊళ్ళో దిక్కు ఆవిడే. విశ్వస్త అని సంస్కృతం ముసుగు వేయడం మర్యాద కోసమే. రెండర్థాలూ వినిపించాలనే ఆ మాట వేశాడని నా నమ్మకం, విధవా, నమ్మదగినదీ.

గురులఘువు
మీ నమ్మకాలన్నిటికీ రెండర్థాలుంటాయి.

అరికాలు
నమ్మకం అన్నారు కనుక ఒక మాట. లూసర్న్‌లో కొండరాతిలో తొలిచిన సింహం ఉంది. ఒరిగిపడి, ఒంట్లో ఈటె విరిగి, చచ్చిపోతూ ఉంటుంది. 1792లో పారిస్‌లో ఫ్రెంచి రాజు కాపలాలో ఉండి చచ్చిపోయిన స్విస్ సిపాయిల కోసం 1821లో చెక్కారు. పైన లాటిన్‌లో స్విస్ వాళ్ళ విశ్వాసానికీ పరాక్రమానికీ అని రాసి ఉంది. దాని ముందు నిలబడి ‘విశ్వస్త వడ్డింపగా’ అనుకుంటూ నమ్మకస్తురాలనే అర్థం చేసుకున్నాను. ఇప్పుడు మాస్టారు అమరకోశం తెచ్చి ఆ సింహాన్ని ఇంకోసారి చంపేశారు.

రిటైర్డు మాస్టారు
సింహానికి నా సానుభూతి. అమరసింహుడికి నా విధేయత.

బచ్చలి పాదు
మాస్టారికి వంద దండాలు.

జ్యూరిక్ కోడలు
ఫాండ్యూ గురించి అసలైన సంగతి ఎవరూ అడగలేదు. గ్రుయేర్ సగం, వాషెరాన్ అనే ఇంకో చీజ్ సగం వేసి తిన్నాక కుండ అడుగున ఎర్రగా, కరకరలాడుతూ ఒక చెక్క అంటుకుంటుంది. ఫ్రెంచి మాట్లాడే స్విస్ వాళ్ళు దాన్ని ‘రెలిజియూజ్’ అంటారు. అంటే సన్యాసిని. దాన్ని గీరి అందరూ పంచుకుంటారు. ఇప్పుడు చెప్పండి, విశ్వస్త వడ్డించిందా, వడ్డింపబడిందా?

పాత అట్ట
ఈ ఏడాది ఈ గుంపులో వచ్చిన మంచి మాట ఇదే. మన పాలకుండ అడుగు గోకుడుకు అలాంటి పేరొకటి ఎవరూ పెట్టలేదే!

మంజీర ఒడ్డు
మాడు అంటరు. సన్యాసం గిన్యాసం ఏం లేదు, మా అక్క నేను కొట్టుకునేటోళ్ళం దానికోసం.

అరికాలు
మాకు ఆ చెక్క కూడా దక్కలేదు. ఫాండ్యూతో చల్లటి నీళ్ళు తాగితే చీజ్ కడుపులో గడ్డకడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం, వేడి టీ గానీ వైన్ గానీ తాగమన్నారు. నేను వినలేదు. బయటి వీధి కుళాయిలో సీసా నింపుకొచ్చాను. జ్యూరిక్‌లో ఇలాంటి కుళాయిలు పన్నెండు వందలకు పైనే ఉన్నాయి, అన్నీ తాగే నీళ్ళే. నమ్మకం నిజమో కాదో గాని, ఆ రాత్రి సంగతి ఇక్కడ రాయను. బిల్లు మాత్రం రాస్తాను, ఇద్దరికి డెబ్బై ఫ్రాంకులు. ‘దీనారటంకాల దీర్థమాడించితి’ అన్న శ్రీనాథుడిది బంగారు నాణేల స్నానం. నాది ఒట్టి స్నానం.

గురులఘువు
అది దక్షిణాధీశుడి ముత్యాలశాల. మీది ఎవరి శాలో మీరే చెప్పాలి. సరే, చల్లా సంగతి తేలలేదు. మాస్టారూ, ‘చల్లయు అంబలియు’ అని సముచ్చయం అనుకుంటే?

రిటైర్డు మాస్టారు
అప్పుడు చల్లయంబలి. గురువు, లఘువు, గురువు. మీ మగణం మళ్ళీ పోయింది. మొన్న మీరే గణం కోసం దీర్ఘం అన్నారు, గుర్తుందా?

గురులఘువు
గుర్తుంది. మర్చిపోదామని చూస్తున్నాను.

పాత అట్ట
కాబట్టి చల్ల + ఆ + అంబలి.

రిటైర్డు మాస్టారు
కాబట్టి కాదు. కన్నడంలోనూ అంబలి అంబలే, మజ్జిగ మాత్రం మజ్జిగె. కన్నడ రాజ్యలక్ష్మి ముందు నిలబడి తెలుగు చల్ల తాగానని చెప్పుకున్నాడంటే, ఆ మాటలో ఇంకేదో ఉంది. రెండు రోజులు గడువివ్వండి, పాత పుస్తకాలు అటకెక్కాయి.

కొత్త సభ్యుడు కర్నూలు
ఆలస్యంగా చూశాను, క్షమించాలి. చల్ల పక్కన పెట్టండి. మొదటి మాటే తప్పు కదా? అది కుల్లాయి కాదు, కుళ్ళాయి. పారసీ కులాహ్ నుంచి వచ్చిన మాటే, కానీ మా వైపు ళకారంతోనే అంటాం. తిరుమలలో కృష్ణదేవరాయలవారి విగ్రహం నెత్తి మీద ఉన్నది కూడా కుళ్ళాయే.

గురులఘువు
వెల్లుల్లి, చల్లా, తల్లీ. ప్రాస ల్ల. కుళ్ళాయి అంటే ప్రాస చెడుతుంది.

కొత్త సభ్యుడు కర్నూలు
లళలకు ప్రాస చెల్లుతుంది కదండీ?

రిటైర్డు మాస్టారు
అటక మీదికి ఎక్కుతున్నాను. నిచ్చెన పట్టుకోవడానికి మనవడు వచ్చేదాకా ఆగండి.