డాన్స్ క్లాసుల ముఖం చూడకుండా కాలేజీలో డాన్స్ డిగ్రీకి అప్లై చేయొచ్చా?

గజ్జెల్లేవు
హిప్ హాప్, కాస్త పాపింగ్ (కండరాలు టక్కున బిగించి వదులుతూ చేసే డాన్స్) వచ్చు. అంతా వీడియోలు చూసి నేర్చుకున్నదే. బ్యాలే అక్షరమ్ముక్క రాదు. అమెరికాలో డాన్స్ డిగ్రీకి అప్లై చేయాలి, ఇంకా ఏడాది టైముంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

తకధిమి
ముందు ఏ డిగ్రీ అన్నది తేల్చుకోండి. బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అయితే మొత్తం చదువులో మూడింట రెండు వంతుల దాకా డాన్సే ఉంటుంది, ఆడిషన్ దాదాపు తప్పదు. బీఏలో డాన్స్ వాటా సగం కన్నా తక్కువ. కొన్ని బీఏలకు ఆడిషనే ఉండదు, చేరాక ప్లేస్‌మెంట్ క్లాసు పెట్టి మీ లెవెల్ చూస్తారు, అంతే. మీలాంటి వాళ్లు లిస్టులో ఇవి సగమైనా పెట్టుకోవాలి.

చాలామంది దెబ్బతినేది ఒక దగ్గరుంది. చాలా చోట్ల కాలేజీ అడ్మిషన్ వేరు, డాన్స్ డిపార్ట్‌మెంట్ అడ్మిషన్ వేరు. కాలేజీ అవునన్నా డిపార్ట్‌మెంట్ కాదనొచ్చు, డెడ్‌లైన్లు కూడా రెండు ఉండొచ్చు. డిపార్ట్‌మెంట్ కాదంటే అదే కాలేజీలో వేరే మేజర్‌తో చేరవచ్చా, ఏడాది తర్వాత మళ్లీ ఆడిషన్ ఇవ్వనిస్తారా అని ముందే మెయిల్ పెట్టి అడగండి.

బార్_పక్కన
ఆడిషన్ సాధారణంగా గంటన్నర, రెండు గంటల క్లాసులా నడుస్తుంది. మొదట బ్యాలే బార్ (గోడ పక్కన కడ్డీ పట్టుకుని చేసేది), తర్వాత సెంటర్ (కడ్డీ లేకుండా గది మధ్యలో), తర్వాత మోడర్న్ డాన్స్. చాలా చోట్ల ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు అల్లి చేయడం) కూడా. చివర్లో ఒకటి రెండు నిమిషాల సోలో. కొన్నిచోట్ల మధ్యలోనే కొందరిని పంపించేస్తారు.

బార్ దగ్గర టీచర్ కాంబినేషన్ (కదలికల వరుస) ఒకసారి, మహా అయితే రెండుసార్లు చూపిస్తారు. అదీ సగం చేతులతో, సగం నోటితో: "రెండు తాండ్యు ముందుకి, ఒకటి పక్కకి, ప్లియే, రెలెవే". తాండ్యు అంటే కాలు చాచి పాదాన్ని నేలమీద జరపడం, ప్లియే అంటే మోకాళ్లు వంచడం, రెలెవే అంటే మడమలెత్తి లేవడం. పదం తెలియకపోతే ఎంత బలమైన ఒళ్లున్నా అక్కడే తప్పిపోతారు. కుడివైపు అయ్యాక ఎడమవైపు మళ్లీ చూపించరు, మీరే తిప్పుకోవాలి. ఇంట్లో ఏ కాంబినేషన్ నేర్చుకున్నా రెండో వైపు వెంటనే, అద్దం చూడకుండా చేయడం అలవాటు చేసుకోండి.

నేలమీద
బ్యాలే గురించి మరీ భయపెడుతున్నారు. ఏడాదిలో ఎవరూ బ్యాలే డాన్సర్ అయిపోరు, ఆ సంగతి ఆడిషన్ చూసే ప్యానెల్‌కీ తెలుసు. వాళ్లు చూసేది వేరు: చెప్పిన దిద్దుబాటు వెంటనే ఒంట్లోకి వస్తోందా, తాళం పట్టుకుంటున్నారా, తప్పుపోతే ఆగిపోయి మొహం మాడ్చుకుంటున్నారా, తర్వాతి కౌంట్‌లో కలిసిపోతున్నారా.

అన్నట్టు, 1926లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో అమెరికాలోనే మొదటి డాన్స్ డిగ్రీ మొదలుపెట్టిన మార్గరెట్ డోబ్లర్ స్వయంగా డాన్సర్ కాదు, వ్యాయామ విద్య టీచర్.

బార్_పక్కన
@నేలమీద ఒప్పుకుంటాను, కానీ తప్పు చేసి కలిసిపోవాలన్నా తప్పు ఎక్కడుందో తెలియాలిగా. వారానికి రెండు బిగినర్ బ్యాలే క్లాసులు, ఒక మోడర్న్ క్లాసు చాలు. వీడియోలు చూసి ఒంటరిగా బ్యాలే నేర్చుకోవడం మాత్రం వద్దు, టర్నౌట్ (కాళ్లు బయటివైపు తిప్పి ఉంచడం) తప్పుగా పడుతుంది. పాదాలు బయటికి తిరగాల్సింది తుంటి కీలు నుంచి. అక్కడ తిరగనంత మేర మడమ దగ్గర బలవంతంగా తిప్పితే మోకాలు మెలి పడుతుంది, పాదం లోపలి వంపు కూలబడుతుంది. పరీక్ష సులువు: ప్లియేలో కిందికి చూస్తే మోకాలు రెండో వేలి మీదుగా ఉండాలి. బొటనవేలు దాటి లోపలికి పోతుంటే టర్నౌట్ తగ్గించండి. నలభై అయిదు డిగ్రీల నిజం, తొంభై డిగ్రీల అబద్ధం కన్నా బాగుంటుంది, ప్యానెల్ కంటికి కూడా.

పాయింట్ షూల (కాలివేళ్ల కొనల మీద నిలబడేందుకు వేసుకునే గట్టి షూలు) జోలికి అసలు పోవద్దు. మెత్తటి బ్యాలే షూ ఒక జత చాలు, మోడర్న్‌కి ఉత్త పాదాలే.

తకధిమి
సోలో మాత్రం మీకొచ్చిన హిప్ హాప్‌లోనే చేయండి (రూల్స్‌లో ఫలానా శైలే కావాలని రాసి ఉంటే తప్ప). ఆరు నెలల బ్యాలేతో సోలో కడితే ఆరు నెలల బ్యాలేనే కనిపిస్తుంది. పాపింగ్‌లో మీ పట్టు ఏమిటో మొదటి పది సెకన్లలో తెలియాలి. కానీ మొత్తం ఒకేచోట నిలబడి చేయకండి. అద్దం ముందు, ఫోన్ ముందు నేర్చుకున్నవాళ్లందరిదీ ఇదే ఇబ్బంది: ఒళ్లంతా ఎదురుగానే ఉంటుంది, వీపు కనపడదు, నేల వాడరు. కనీసం ఒకసారి నేలమీదికి దిగి లేవండి, ఒకసారి గదిని అడ్డంగా దాటండి.

ఫ్రేములో_పాదాలు
ప్రీ-స్క్రీన్ వీడియో (ఆడిషన్‌కి పిలవాలా వద్దా అని ముందే చూసేది) అడిగితే:
ఫోన్ అడ్డంగా, నడుము ఎత్తులో, స్టాండ్ మీద. తల నుంచి పాదాల దాకా ప్రతి క్షణం ఫ్రేములో ఉండాలి, గెంతినప్పుడు కూడా. వెనక కిటికీ ఉంటే మీరు నల్లటి నీడలా పడతారు, వెలుతురు ముందు నుంచి రావాలి. గోడ రంగులో కలిసిపోని, ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకోండి. వదులు ప్యాంటు హిప్ హాప్‌కి అందమే గానీ మోకాలు, మడమ దాచేస్తుంది. ఎడిటింగ్ కట్‌లు, ఎఫెక్టులు, స్లో మోషన్ వద్దు. గ్రూపు వీడియో పంపితే మీరెవరో మొదట్లోనే రాయండి. లింకు ప్రైవేట్‌లో ఉండిపోయిందేమో వేరే ఫోన్లో తెరిచి చూసుకోండి.

గజ్జెల్లేవు
థాంక్సండీ అందరికీ. రెజ్యూమేలో "ట్రైనింగ్" దగ్గర ఏం రాయాలి? ఖాళీయేగా.

నేలమీద
ఖాళీ ఎందుకు? "స్వయంగా నేర్చుకున్నది" అని శైలి, ఎన్నేళ్లు అన్నది రాయండి. కింద స్కూల్ షోలకు కంపోజ్ చేసినవి, టీమ్ నడిపినవి, వర్క్‌షాప్‌లు, ఇప్పుడు చేరబోయే బిగినర్ క్లాసులు. "ఇంటర్మీడియట్ బ్యాలే" అని మాత్రం రాయొద్దు, మొదటి ప్లియేలోనే బయటపడుతుంది. సిఫారసు లేఖ పెద్ద పేరున్నవాళ్ల దగ్గర కాకుండా, మీరు చెమటోడ్చి నేర్చుకోవడం కళ్లారా చూసినవాళ్ల దగ్గర తీసుకోండి. బ్యాలే క్లాసులో ఇప్పుడే చేరితే అప్లికేషన్ నాటికి ఆ టీచరే రాస్తారు.