పుర్రె బొమ్మల పొసాదా విప్లవ చిత్రకారుడేనా?

సిరామరక:
1910లో మొదలైన మెక్సికో విప్లవానికి బొమ్మలతో నిప్పు రాజేసినవాడు హోసే గ్వాదలూపే పొసాదా. పూల టోపీ పెట్టుకున్న కత్రీనా పుర్రె ఒక్కటి చాలదా? మెక్సికోను ఏళ్ళ తరబడి నియంతగా ఏలిన పోర్ఫిరియో దియాస్ పాలనలో దొరసానుల డాబును అంత ఘాటుగా ఎండగట్టింది ఇంకెవరు? కాదనేవాళ్ళు ఆధారం చూపండి.

రాతిఅచ్చు:
ఆ బొమ్మతోనే మొదలుపెడదామండీ. 1913లో అది అచ్చయిన కాగితం మీది పద్యాలు చదవండి. తిట్లు పడేది దొరసానులకు కాదు, పౌడరు పూసుకుని షోకు చేసే పనిపిల్లలకు. మూలవాసుల ఇంట పుట్టి, యూరపువాళ్ళలా కనబడాలని చూస్తున్నారని వాళ్ళ మీద ఎగతాళి. ఆ తలకు ఒళ్ళూ గౌనూ ఇచ్చి దొరసానిని చేసింది మెక్సికో చిత్రకారుడు దియేగో రివేరా, 1947 నాటి కుడ్యచిత్రంలో (గోడ మీది బొమ్మ).

పొసాదా ఎక్కువగా గీసింది మెక్సికో నగరంలోని వానేగాస్ అర్రోయో ప్రెస్సుకు. ఒకటి రెండు సెంటావోలకు (మన పైసల్లాంటి చిల్లర) అమ్మే కరపత్రాలు: హత్యలు, మరణశిక్షలు, దేవుడి మహిమలు, తోకచుక్కలు. వీధిలో ఏది అమ్ముడుపోతే దానికే బొమ్మ. 1901లో ఒక డాన్సు మీద పోలీసులు పడి 41 మంది మగవాళ్ళను పట్టుకున్నారు, వాళ్ళలో కొందరు ఆడవేషంలో ఉన్నారు. పొసాదా వాళ్ళను మీసాలతో, గౌన్లతో నవ్వులపాలు చేశాడు. పట్టుబడ్డవాళ్ళలో కొందరిని దూరాన ఉన్న యుకతాన్ ప్రాంతానికి వెట్టికి తోలారు. ఆ బొమ్మ చూస్తే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

దియాస్‌ను ఢీకొన్నవాళ్ళు వేరే. 'ఎల్ ఇహో దెల్ అవీసోతే' అనే వ్యంగ్య పత్రిక నడిపిన దానియేల్ కబ్రేరా ఎన్నిసార్లు జైలుకు పోలేదు! 1903 ఫిబ్రవరి 5న ఆ పత్రికాఫీసు బాల్కనీకి "రాజ్యాంగం చచ్చిపోయింది" అని బ్యానరు కట్టారు.

సిరామరక:
మీరు ఒక్క ప్రెస్సునే పట్టుకున్నారు. 'లా గ్వాకమాయా', 'ఎల్ దియాబ్లితో రోహో' లాంటి కార్మికుల పత్రికలకు గీసిందీ ఆయనే. కూలోడి కష్టం మింగే షావుకార్లను అక్కడ ఎలా చూపాడో చూడండి. ఇక పనితనమంటారా, జింకు పలక మీద యాసిడ్‌కు లొంగని సిరాతో గీసి, పలకను యాసిడ్‌లో ముంచితే చుట్టూ తినేసి గీతలు ఉబ్బెత్తుగా నిలుస్తాయి. దాన్ని అక్షరాల పక్కనే బిగించి అచ్చేయొచ్చు. వార్త చల్లారకముందే బొమ్మ వీధిలో ఉండేది. చదువు రానివాళ్ళకు రాజకీయం చేరింది ఆ దారినే. జైలుకు పోతేనే విప్లవమా?

రాతిఅచ్చు:
షావుకార్ల బొమ్మలు గొప్పవే, ఆ పనితనానికి నేనూ దణ్ణం పెడతాను. కానీ ఆయన్ను విప్లవకారుడిగా నిలబెట్టడానికి ఏమేం తెచ్చారో చూడండి. సేనాని హువెర్తాను సాలీడుగా చూపే పుర్రె బొమ్మను ఎన్నోచోట్ల ఆయన ఖాతాలో వేశారు. పొసాదా పోయింది 1913 జనవరి 20న. హువెర్తా అధ్యక్షుడు మదేరోను కూలదోసి గద్దెనెక్కింది ఫిబ్రవరిలో! అచ్చుబొమ్మల చిత్రకారుడు లెయోపోల్దో మెందేస్ 1950ల్లో చేసిన లినోకట్‌లో (లినోలియం పలక చెక్కి వేసిన అచ్చు), కిటికీ అవతల జనాన్ని బాదుతున్న పోలీసులను చూస్తూ పొసాదా పళ్ళు బిగబట్టి ఉంటాడు. అద్భుతమైన బొమ్మే, కానీ ఆ కోపం మెందేస్‌ది. ఆయనా మిత్రులూ 1937లో పెట్టిన 'తాయెర్ దె గ్రాఫికా పొపులార్' అనే అచ్చుబొమ్మల కార్ఖానా ఫాసిజానికి వ్యతిరేకంగా బాహాటంగా పక్షం తీసుకుని పనిచేసింది. విప్లవ చిత్రకారులన్న పేరు వాళ్ళకు ఇవ్వండి. పొసాదాకే కట్టబెడతామంటే, ఆ 41 మంది బొమ్మను ఎక్కడ దాస్తారు?