రోహిణి కార్తెలో నిజంగానే రోళ్ళు పగులుతాయా?

ప్రశ్న:
మా పాపకి బళ్ళో సామెతల ప్రాజెక్టు ఇచ్చారండీ. ‘రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి’ అంటే ఎండలు మండిపోతాయని రాసింది. కానీ రోలే ఎందుకు, ఏ గోడో బండో అనొచ్చుగా అని నన్ను పట్టుకుంది. తెలిసినవాళ్ళు కాస్త చెప్పరూ?

జవాబు 1:
రోహిణి, రోళ్ళు. ప్రాస కుదిరింది, అంతేనండీ. రాయి ఎక్కడైనా ఎండకి పగులుతుందా!

జవాబు 2:
ప్రాస సంగతి నిజమే గానీ, అంతేనని తీసెయ్యకండి. మాది పల్నాడు, రెంటచింతల దగ్గర. మా తాత రోళ్ళు చెక్కేవాడు, అరిగిన రోళ్ళకు గాట్లు పెట్టేవాడు.

పాత ఇళ్ళలో రోలు పెరట్లో సగం భూమిలో పాతి ఉండేది. అడుగు చల్లని మట్టిలో, పైభాగం మిట్టమధ్యాహ్నపు ఎండలో. పగలంతా కాగిన ఆ రాయి మీద సాయంత్రం ఒక్కసారిగా గాలివాన కొడితే పైపొర గబుక్కున ముడుచుకుంటుంది, లోపల వేడి అలాగే ఉంటుంది. రాతిలో ముందే సన్నటి నెర్రె ఉంటే అక్కడ విచ్చుకుంటుంది. పెద్ద బండల్ని మంటపెట్టి చీల్చే పద్ధతి కూడా ఇలాంటిదే. నెర్రె లేని రాయికి ఏమీ కాదు. అందుకే తాత రోటిని అమ్మేముందు ఉలితో తట్టి వినిపించేవాడు. ఖంగుమంటే గట్టి రాయి, బొంగురుగా మోగితే ఆ రోలు పక్కన పెట్టేసేవాడు.

ప్రశ్న అడిగినవారు:
ఎంత బాగా చెప్పారండీ! అయితే రైతులకి ఈ కార్తె అంటే భయమేనా?

జవాబు 2:
భయం కాదండీ, అవసరం. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. అలా ఏడాదికి 27. రోహిణి మే 25 ప్రాంతంలో వస్తుంది, జూన్ 7, 8కి మృగశిర. ఆలోపు వేసవి దుక్కి దున్ని వదిలేస్తాం. తుంగ గడ్డలు పైకి తేలి మాడిపోవాలి, మట్టిలో దాగిన పురుగుల కోశాలు చావాలి. ఈ పని ఏ మందూ ఇంత బాగా చెయ్యదని నా నమ్మకం. రోహిణి మబ్బులతో గడిచిపోయిన ఏడు కలుపు తీయలేక మా నాన్న పడే టెన్షన్ నాకు తెలుసు.